నరంలా కనిపించే కణం

యులాలియా కోపంగా రెండేసి మెట్లు ఎక్కుతూ పైఅంతస్తుకు వచ్చింది.

మెక్సికోలోని ప్యూబ్లా నగరపు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఆమె ఎనిమిదేళ్లుగా పాలపళ్ల లోపలి గుజ్జు నుంచి మూలకణాలు తీసి పెంచుతోంది. ఒక ద్రావణం పోస్తే అవి ఎముకలా గట్టిపడేవి. ఇంకోటి పోస్తే కొవ్వు చుక్కలు పట్టేవి. మూడోదానికి సన్నగా సాగి, తోకలు చాచి, అచ్చం నరకణాల్లా కనిపించేవి. కనిపించడం వరకే. కరెంటు తాకించినా ఉలకవు, పలకవు. ఆ సంగతీ ఆమె నివేదికలో రాసింది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ అరిస్మెందీ మాత్రం పైన సొంత క్లినిక్ తెరిచి, ఆమె తీసిన ఫోటోనే గోడకు నిలువెత్తున వేయించాడు. దాని కింద ‘మీ బిడ్డ పంటి నుంచే కొత్త వెన్నునరం’ అని రాయించాడు.

ఆ పొద్దున రెమెదియోస్ అనే తల్లి ఒక సీసా తెచ్చి యులాలియా చేతిలో పెట్టింది. సీసా అడుగున, పాలలో మునిగి చిన్న పన్ను. కూతురికి ఏడేళ్లు. బస్సు బోల్తాపడి నడుము కింద చచ్చుబడింది.

“రాత్రి దిండు కింద పెడితే ఎలుక వచ్చి పన్ను తీసుకుని కానుక పెట్టి పోతుంది, ఇవ్వనంటే ఇవ్వనని ఏడ్చిందమ్మా. నీ కాళ్ల కోసమేనే అని ఒప్పించాను.”

ఆ మాటకే యులాలియా పైకి పరుగెత్తింది.

“ఆ కణాలు నరాలు కావు డాక్టర్! మీకూ తెలుసు!”

“ఆశ ఇస్తున్నాం, తప్పేముంది?”

“ఎముక అతికిస్తామని చెప్పండి, నేనూ పక్కన నిలబడతాను. ఆ పిల్లని నడిపిస్తామంటారా? సిగ్గులేదూ!”

“కిందికెళ్లి పని చూసుకో.”

ఆమె కిందికెళ్లింది. రెమెదియోస్‌ను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది.

రెమెదియోస్ గొంతు లేచింది. “పైనున్న ఆ ఫోటో ఎవరు తీశారు?”

“నేనేనమ్మా. పరిశోధన కోసం...”

“గోడ మీదికి ఎప్పుడెక్కింది?”

“మూడు వారాలైంది.”

“మూడు వారాలు! రోజూ దాని కిందే పనిచేస్తూ నోరు కుట్టేసుకున్నావా? అదేం చదువే నీది?”

ఉద్యోగం పోతుందనే యులాలియా ఇన్నాళ్లూ భయపడింది. ఆ మాట చెప్పుకోవడానికి నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నమే విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు రాసింది. సాక్షి కావాలన్నారు. తలుపు మొహానే వేస్తుందనుకుంటూనే రెమెదియోస్ ఇంటికెళ్లింది. రెమెదియోస్ కాగితం లాక్కుని, పెన్ను దిగబడి చిరిగేలా సంతకం పెట్టింది.

“నిన్ను క్షమించాననుకోకు,” అంది.

క్లినిక్ మూయించడానికి నాలుగు నెలలు పట్టింది. యులాలియా ఉద్యోగం మాత్రం ఫిర్యాదు చేసిన మర్నాడే పోయింది.