జహంగీర్ రాడ్

"మొయిన్! ముట్టకు! చెయ్యి ఎనక్కి తీస్కో!"

కరెంటు స్తంభం కింద నిలబడి సబ్ ఇంజినీర్ నందిని గొంతు చించుకుంది. పైన లైన్‌మన్ మొయిన్ చెయ్యి తీగకు జానెడు దూరంలో ఆగిపోయింది.

శాలిబండలోని ఈ గల్లీకి లైన్ ఆపింది నందినే. సబ్‌స్టేషన్‌లో స్విచ్ తీసి, తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని వచ్చింది. అయినా ఎదురింట్లో బల్బు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది, ఊపిరి పీలుస్తున్నట్టు.

"జహంగీర్ భాయ్ వచ్చిండు," అన్నాడు గాజుల బండి బబ్లూ. జనం వెనక్కి జరిగారు.

మొయిన్ వాళ్ల అన్న, లైన్‌మన్ జహంగీర్ మొన్న ఎండాకాలంలో ఈ స్తంభం మీదే పోయాడు. ఇలాగే పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వేళ, ఆపేసిన లైన్ మీద. కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదు. అతని ఎర్తింగ్ రాడ్ ఇప్పుడు స్తంభానికి కట్టి ఉంది. ఆకుపచ్చ గుడ్డ, మల్లెదండ. తీగకు తగిలిస్తే దొంగ కరెంటును భూమిలోకి లాగేసే రాడ్ అది. కొత్తది రాలేదు, దీన్ని ఎవరూ ముట్టరు. మొయిన్ కూడా కళ్లకు అద్దుకుని, ఉత్త చేతులతో ఎక్కేశాడు.

"దిగాల్నా అక్కా?"

"కదలకు తమ్మీ! కాళ్ల కింద ఇంటి తీగలున్నయ్!"

పక్కనే మహేందర్ నవ్వాడు. గల్లీ చివర, గ్రిడ్ కోసం కరెంటు దాచే బ్యాటరీ కంటైనర్‌కు ఇన్‌చార్జి అతను. "ఏంది నందినీ గీ లొల్లి? పాపం, ఆత్మకు శాంతి లేదు. అగర్‌బత్తి ముట్టిద్దాం, అదే ఆరిపోతది."

బల్బు ఇంకా కాంతిగా వెలిగింది. అప్పుడు వినపడింది నందినికి, గల్లీ చివర నుంచి సన్నని హోరు.

బ్యాటరీ!

పొద్దుగూకగానే సోలార్ కరెంటు పడిపోతుంది. ఆ క్షణంలో గ్రిడ్ తూలిపోకుండా బ్యాటరీ కరెంటు తోయాలి. దాని పని అదే. కానీ లైన్ ఆపితే రిలే, అంటే దానంతటదే తెగే రక్షణ స్విచ్, దాన్ని కూడా విడగొట్టాలి. విడగొట్టలేదు.

నందిని పరుగెత్తింది. కంటైనర్ ప్యానెల్‌కు తాళం.

"చెవి ఇయ్యండి సార్!"

"ఆఫీసుల మర్చిపోయిన," అన్నాడు వెనకే వచ్చిన మహేందర్. అతని చెయ్యి మాత్రం జేబును గట్టిగా పట్టుకుంది.

ఆమె మళ్లీ స్తంభం దగ్గరికి ఉరికింది. రాడ్ మీద చెయ్యి వేయగానే ముట్టొద్దని జనం అరిచారు. "హాథ్ మత్ లగావ్!"

బల్బు వెలుగుతున్న ఇంట్లోంచి ఖైసర్ బేగం బయటికి వచ్చింది. జహంగీర్ భార్య.

"తీస్కో బేటీ. ఆయన ఉంటే ఆయనే తీసి ఇస్తుండె."

మల్లెలు తెగి రాలాయి. నందిని మళ్లీ కంటైనర్ దగ్గరికి ఉరికింది. రాడ్ దెబ్బకు తాళం ఊడింది. నందిని ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టింది. హోరు ఆగింది. గల్లీ అంతా ఒక్కసారిగా చీకటి.

"దిగు తమ్మీ!"

మొయిన్ దిగి, వదిన పాదాల దగ్గర కూలబడ్డాడు.

నందిని ఫోన్ లైటు ప్యానెల్‌లోకి కొట్టింది. రిలే పనిచేయకుండా రెండు కొసలను కలుపుతూ తీగముక్క. దాని మీద నెలల నాటి దుమ్ము. చిన్న చిన్న ఒడుదుడుకులకే రిలే బ్యాటరీని ఆపేస్తోందని, సమయానికి కరెంటు ఇవ్వట్లేదని విద్యుత్ మార్కెట్లో ఈ బ్యాటరీకి అప్పట్లో చెడ్డపేరు. ఆ పేరు ఎండాకాలం నుంచి ఉన్నట్టుండి మంచిగైంది. ఎలాగో ఇప్పుడు తెలిసింది. ఈ ప్యానెల్ చెవి మహేందర్ ఒక్కడి దగ్గరే ఉంటుంది.

"రాడ్‌కు ఆ దండ నువ్వే వేస్తున్నవా అమ్మీ?" వెనక్కి వచ్చి ఖైసర్ బేగంను అడిగింది.

"నేనెందుకేస్త? ఈ బ్యాటరీ సారే తెచ్చి కట్టిండు. జహంగీర్ యాది, ఎవ్వల్ని ముట్టనియ్యకుర్రి అన్నడు. ఆత్మ తిరుగుతుందని గూడ ముందుగాల ఆయనే అన్నడు."

రాడ్ తగిలిస్తే బ్యాటరీ గుట్టు బయటపడేది. అందుకే దాన్ని ముట్టనివ్వలేదు, దయ్యం మాట పుట్టించాడు.

మహేందర్ గల్లీలోంచి బయటికి అడుగేశాడు. బబ్లూ గాజుల బండి అడ్డం తిప్పాడు. "యాడికి సార్? అగర్‌బత్తి తెస్తానికా?"

ఖైసర్ బేగం నందిని మణికట్టు పట్టుకుంది.

"మా ఆయన్ను చంపిందెవరు? పేరు చెప్పు. గల్లీ అంత వినాలె."

నందిని రాడ్ ఎత్తి చూపించింది.

"మహేందర్."