చర్చి ముందర షారన్

ఆదివారం పొద్దున్నే షారన్ కాలు గాలిన పిల్లి మాదిరి ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరగతా వుంది. ఇడ్లీ ముట్టలేదు. కూర్చుంటే కాలు ఊపుతుంది, లేస్తే జడ విప్పి మళ్లీ అల్లుతుంది.

"ఏంది మే ఆ తిరుగుడు! ఆరాధనకి టైమవతా వుంది. సాక్ష్యం చెప్పాల్సినదానివి, రెండిడ్లీలు తిని కుదురుగా కూర్చోరాదా?" అని వాళ్లమ్మ రెబెక్కమ్మ కేకేసింది.

కుదురంట కుదురు! ఆ సాక్ష్యమే గదా పిల్లకి కుదురు లేకుండా చేసింది.

షారన్ పోలండులో చదువుతా వుంది. సెలవలకి మైపాడు పక్కనుండే వాళ్లూరికి వచ్చింది. ఆ పోలండులో బయటిదేశాల పిల్లకాయల కోసమని శనాదివారాలు బస్సు యాత్రలు పెడతారు. పేరిచ్చి బస్సెక్కితే చాలు, ఎర్రగొడుగు పట్టుకున్న గైడొకడు వూరూరా తిప్పుకొస్తాడు. షారన్ ఒక్క వారం గూడా మానలేదు. ఆ వూళ్లల్లో చూసేదానికి ఏముంటయ్? చర్చీలే. బస్సు దిగడం, చర్చి ముందర ఫోటో తీసుకోవడం, కాఫీ తాగడం, గైడు తలలు లెక్కబెడితే మళ్లీ బస్సెక్కడం. లోపల కూర్చుని ఒక్క పాట పాడిన పాపాన పోలేదు.

ఫోటోలు మాత్రం వారం వారం అమ్మకి పంపింది. అక్కడే వచ్చింది తంటా. ఆదివారం పూట బిడ్డ చర్చి ముందర నిలబడి వుంటే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? "మా షారన్ వారానికొక గుడిలో ఆరాధన చేస్తా వుంది" అని రెబెక్కమ్మ వూరంతా టముకేసింది. తిమోతి పాస్టరుగారు ఇంకో ఆకు ఎక్కువే చదివినాడు. ఆ ఫోటోలన్నీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, "మీరు బీచికి పోయేదానికి గుడి ఎగ్గొడతా వుండారు, ఆ బిడ్డని చూసి సిగ్గు తెచ్చుకోండి" అని ఇక్కడి పిల్లకాయలకి తలంటు పోసినాడు. ఇప్పుడు అందరి ముందర నిలబడి, దేవుడు తనకేం మేలు చేసినాడో సాక్ష్యం చెప్పమంటా వుండాడు.

అబద్ధం చెబితే దేవుడి ముందర దోషం. నిజం చెబితే అమ్మ వూళ్లో తలెత్తుకుని తిరగలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అసలు ఆ బస్సులెక్కి ఎందుకు తిరిగినావు మే అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పుండేది. శనివారం వచ్చిందంటే గది గోడలు మీదికొచ్చి పడతయ్. పలకరించే నాథుడుండడు. బస్సులో ఏ వారం జనం ఆ వారమే, స్నేహం కలిసే లోపల దిగిపోతారు. అయినా గైడు తలలు లెక్కబెడతాడు గదా, ఒక తల తక్కువైతే బస్సు ఆపి వెతుకుతాడు గదా. ఆ లెక్కలో వుండేదానికే పోయింది పిచ్చిది.

గుడిలో పాటలయిపోయినయ్. చాపల మీద ఒకవైపు ఆడోళ్లు, ఒకవైపు మగోళ్లు సర్దుకుని కూర్చున్నారు. పాస్టరుగారు మైకు తట్టి, "స్తోత్రం! మన బిడ్డ షారన్ వచ్చి దేవుడు చేసిన మేలులు చెబుతుంది" అన్నాడు.

షారన్ గబుక్కున లేచింది. చున్నీ భుజం మీదికి జారిపోయింది. మైకు అందుకుంది. ఇంతలో రెబెక్కమ్మ చాప మీద నుంచి లేచి గబగబా వచ్చి, చున్నీ తల నిండా కప్పింది. కప్పతా కప్పతా చెవిలో అనింది.

"ఒక్క ఫోటోలో గూడా నీ తల మీద ముసుగు లేదు మే. ప్రార్థనకి పోయేదానివి ముసుగు లేకుండా పోతావా? నువ్వు లోపలికి పోలేదని నాకు తెలుసు. అబద్ధం మాత్రం చెప్పబాక."

షారన్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టింది. "తెలిసి గూడా అందరికీ ఎందుకు చెప్పినావమ్మా?"

"ఏ ఫోటోలో అయినా నీ పక్కన ఒక్క మనిషన్నా వుండాడా? నా బిడ్డ ఆడ ఒంటిగా తిరగతా వుందని ఎవరితో చెప్పుకునేది? గుడికి పోతా వుంది, నలుగురిలో వుంది అని పైకి చెబితే నాకే కొంచెం నిద్ర పట్టేది."

షారన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. గుడంతా ఆమె వైపే చూస్తా వుంది. పాస్టరుగారు ఫోను పైకెత్తి వీడియో తీస్తా వుండాడు.

"నా దగ్గర సాక్ష్యం లేదు" అనింది షారన్. "ఆ చర్చీలన్నీ బయట నుంచి చూసినాను, అంతే. అక్కడ నాకు ఎవ్వరూ లేరు. నాకోసం ప్రార్థన చెయ్యండి."

ఆడోళ్లల్లో ఎవరో "అయ్యో తండ్రీ" అన్నారు. పాస్టరుగారు ఫోను జేబులో పెట్టుకుని, "మోకరిద్దాం" అన్నాడు.

షారన్ అక్కడే మోకరించింది. రెబెక్కమ్మ తన చోటికి తిరిగి పోలేదు. కూతురి పక్కనే, భుజానికి భుజం తగిలేట్టు మోకరించింది.