గిన్నె కడిగిన దాసి

"నువ్వు చదివి కథ చెప్పెయ్. ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అంటూ మా ఆయన కుక్కర్ పక్కన పుస్తకం పడేశాడు. నాలుగు వందల పేజీలు. అట్ట మీద కోట, కత్తి, నెత్తురు. ఆదివారం మా ఇంట్లోనే వాళ్ల పుస్తక మిత్రుల సమావేశం, మాట్లాడవలసింది ఆయన. నాకు హత్యల కథలంటే ఒళ్లు మంట. చచ్చినవాణ్ణి ఎవరు చంపారో తేల్చడానికి రాజ్యమంతా కదులుతుంది, బతికున్నవాళ్ల గోడు ఎవరికీ పట్టదు. కానీ కాదంటే ఆయన వారం రోజులు మొహం గంటు పెట్టుకుని తిరుగుతాడు. దానికంటే హత్యే నయమనుకుని మొదలుపెట్టాను.

కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోగా రెండు పేజీలు, బట్టలు ఆరేసొచ్చి నాలుగు. మధ్యాహ్నం నడుము వాల్చే ఆ అరగంట కూడా రాజుగారికే పోయింది. మరిచిపోతానేమోనని అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్నాను. రాజుగారు పాలు తాగి ప్రాణం వదులుతాడు. పాలిచ్చిన దాసి వెంటనే గిన్నె కడిగేసింది కాబట్టి సాక్ష్యం మాయం చేసిందని ఉరి తీస్తారు. అక్కడ నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఖాళీ గిన్నె కనిపిస్తే కడిగేయడం తప్ప ఆ పిల్లకి ఇంకేం తెలుసు? సాయంత్రం ఆయన బూట్లు విప్పుకుంటుంటే, అక్కడ అంచున రాసుకున్న మాట చెప్పాను.

"ఏడ్చావులే. ముందు విషం కలిపిందెవరో చెప్పు."

"రాజుగారి తమ్ముడు" అన్నాను.

ఆదివారం నేను టీ కప్పులతో హాల్లోకి వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని, "మిత్రులారా, తీర్పు చెప్పిన ఆ మగాళ్లలో ఒక్కడైనా జన్మలో గిన్నె కడిగాడా?" అంటున్నాడు. చప్పట్లు.

రిటైరైన పెద్ద టీచరుగారు మురిసిపోయింది. "ఎంత బాగా పట్టుకున్నారండీ! మీ ఆవిడ కూడా చదివారా?"

"మా ఆవిడా? పుస్తకం పట్టుకుంటే గుర్రు పెడుతుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. "ఆ మాట నాదండీ" అంటే ఎవరు నమ్ముతారు? నమ్మినా కాసేపటికి వాళ్లంతా వెళ్లిపోతారు, నేనుండాల్సింది ఈ ఇంట్లోనే.

వెళ్లబోతూ టీచరుగారు, "మీ పుస్తకం ఓసారి ఇస్తారా? మీరేం రాసుకున్నారో చూస్తాను" అంది.

"రాసుకోవడం ఏమీ లేదండీ, అంతా బుర్రలోనే. తెచ్చిస్తానుండండి" అని నవ్వుమొహంతోనే ఆయన వంటింట్లోకి వచ్చాడు. నేను కప్పులు కడుగుతున్నాను. "నీ పిచ్చిరాతలన్నీ చెరిపెయ్, తొందరగా. ఆవిడ గుమ్మంలో ఉంది" అని పుస్తకం గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

తడి చేతులు తుడుచుకుని రబ్బరు తీసుకున్నాను. చెప్పగానే చెయ్యడం నా చేతులకి అలవాటు. ఒక్కో పేజీ చెరుపుతూ, పొట్టు ఊదుతూ పోయాను. ఆ పిల్ల చేసిన పనే నేనూ చేస్తున్నానని తెలుస్తూనే ఉంది, అయినా చేతులు ఆగలేదు. ఉరి తీసే పేజీ దగ్గర మాత్రం ఆగాయి.

"అయిందా?" హాల్లోంచి కేక.

"అయింది" అన్నాను.

ఆయన వచ్చి పుస్తకం తీసుకున్నాడు. తెరిచి చూడలేదు. ఎప్పుడు తెరిచాడు గనక! తీసుకెళ్లి టీచరుగారి చేతిలో పెట్టాడు. లోపల, ఉరి తీసే పేజీ అంచున, నా రాత అలాగే ఉంది:

"కడక్కపోతే తిట్లు, కడిగితే ఉరి. తీర్పు చెప్పిన ఈ మగాళ్లలో ఒక్కడైనా జన్మలో గిన్నె కడిగాడా? ఆయన ఆఫీసు నుంచి రాగానే ఈ మాట చెప్పాలి."