పసుపు గడిలో రెండు

మా స్వరూపకు చెవులు వినపడవని తేలేసరికి దానికి రెండేళ్ళు దాటాయి. అంతదాకా మా అత్త రాజవ్వ, వాళ్ళ ఇంట్లో పిల్లలందరికీ మాటలు ఆలస్యమేనని చెబుతూ వచ్చింది. నేనూ నమ్మాను. హైదరాబాద్‌లో పరీక్ష చేసిన డాక్టరమ్మ మాత్రం దాచకుండా చెప్పేసింది. మూడేళ్ళు నిండేలోపు రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టాలి, ఎంత ఆలస్యమైతే మాట అంత దూరమైపోతుంది. రెండింటికీ కలిపి ఇరవై ఎనిమిది వేలు. అది రెండు వేల రెండు ఎండాకాలం. మూడేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి.

మా దగ్గర డబ్బు లేదు. బాండు ఉంది. మా ఆయన వెంకటేశం పాశమైలారంలో పనిచేసిన రంగుల ఫ్యాక్టరీని బొంబాయి వాళ్ళెవరో కొని, పాత కార్మికులను తీసేశారు. రావలసిన దాంట్లో సగం చేతికిచ్చి మిగతా సగానికి బాండు కాగితం రాసిచ్చారు. మాది అరవై వేలది. ఏడాదికి నూటికి ఎనిమిది వడ్డీ, అసలు రావడానికి ఇంకా ఆరేళ్ళు. చేతికిచ్చిన సగం ఎప్పుడో ఖర్చయిపోయింది. ఆయన గుమ్మడిదల వైపు మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలికి పోతున్నాడు.

నేను పటాన్‌చెరులో ఒక జిరాక్సు దుకాణంలో టైపు చేస్తాను. ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు మాన్పించి పెళ్ళి చేశారు. కంప్యూటర్ కోర్సు కూడా సగంలోనే ఆగింది. అయినా మా వాడకట్టులో కంప్యూటర్ ముట్టుకున్నది నేనొక్కదాన్నే. మా ఆయనకు అదొక గొప్ప, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకునేవాడు. స్వరూపను టేబుల్ కింద కూర్చోబెట్టుకుని పనిచేసేదాన్ని. జిరాక్సు మిషన్ ఎంత మోత చేసినా అది తల ఎత్తేది కాదు. నా బిడ్డ ఎంత బుద్ధిమంతురాలో అని నేను మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ దుకాణానికి కామేశ్వరరావు గారు వచ్చేవారు. కాకినాడ వైపు మనిషి. ప్రభుత్వ ఫ్యాక్టరీలో లెక్కలు చూసి రిటైరై ఇక్కడే ఉండిపోయారు. మా బాండు సంగతి విని, ఆరేళ్ళ తర్వాత వచ్చే వంద ఇవాళ వంద కాదమ్మా, తక్కువే, ఎంత తక్కువో లెక్కకట్టవచ్చు అన్నారు. కంప్యూటర్‌లో గడులు గీసి, వాటి వెనక సూత్రం పెట్టి నాకు అప్పజెప్పారు. ఒక గడిలో బాండు మొత్తం, ఒకదానిలో దాని వడ్డీ, ఒకదానిలో మిగిలిన ఏళ్ళు. పసుపు రంగు గడిలో, బయట వడ్డీ ఎంత నడుస్తోందో అది. అన్నీ నింపితే అడుగున ఇవాళ్టి ధర తేలుతుంది. ఇది నేర్పిన మర్నాడే ఆయన మేనకోడలి పెళ్ళికి కాకినాడ వెళ్ళిపోయారు.

యాదగిరి దుకాణానికి వచ్చింది ఆ వారంలోనే. ఒకప్పుడు మా ఆయనతో కలిసి పనిచేసినవాడు, యూనియన్‌లో తిరిగినవాడు. ఇప్పుడు కార్మికుల దగ్గర బాండ్లు కొని హైదరాబాద్‌లో ఒక సేటుకు చేరవేస్తున్నాడు. మా బాండుకు ముప్పై వేలు ఇప్పిస్తానన్నాడు. అరవై వేల కాగితం సగానికా? జెర ఆగమని చెప్పి, యాదగిరి ఎదుటే గడులు నింపాను. అరవై వేలు. ఎనిమిది. ఆరు. పసుపు గడి దగ్గర ఆలోచించే పనే లేదు. మా దగ్గర ఎవరిని లేపి అడిగినా చెబుతారు, రెండు రూపాయల మిత్తి. రెండు కొట్టాను.

అడుగున ఎనభై వేల నూట అరవై అయిదు వచ్చింది.

"ఎనభై వేలది పట్టుకొని ముప్పై అంటున్నవా అన్నా?" అన్నాను.

యాదగిరి వంగి తెర చూసి నవ్వాడు. "ఎనభై ఇచ్చెటోడు దొరికితే నాయి గూడ అమ్మిపెట్టు చెల్లె. నీకు కమీషన్ ఇస్త."

"నవ్వకు. లెక్క నేను జెయ్యలే, కంప్యూటర్ జేసింది."

"మరి కంప్యూటర్‌నే కొనుక్కోమను." అంతలోనే నవ్వు ఆపి, సేటు ఈ వారం వరకే తీసుకుంటాడని, వెంకటేశాన్ని ఒకసారి అడగమని చెప్పాడు.

"ఆయన్ని అడుగుడేంది? నేను చెప్తున్న గద."

మా ఆయనకు ఆ సంగతే చెప్పలేదు. సరైన ధర ఇచ్చేవాడిని కామేశ్వరరావు గారి చేత వెతికించి, డబ్బు చేతిలో పెట్టి చెబుదామనుకున్నాను. తొమ్మిది రోజులు ఆ ఎనభై వేల మీదే బతికాను. మిషన్లు పోను యాభై రెండు వేలు. మాటలు నేర్పే టీచరు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ బస్సు. బస్సు చార్జీలతో సహా లెక్కకట్టుకున్నాను.

కామేశ్వరరావు గారు తిరిగొచ్చి తెర ముందు కూర్చున్నారు.

"ఈ రెండు ఎక్కడిదమ్మా?"

"మిత్తి సార్. మా దిక్కు రెండు రూపాలే నడుస్తున్నది."

"నెలకా, ఏడాదికా?"

రెండు రూపాయల మిత్తి అంటే వందకు నెలకు రెండని, ఏడాదికి ఇరవై నాలుగని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కానీ పక్క గడిలో ఎనిమిది ఉంది, ఇక్కడ రెండు ఉంది, ఎనిమిది పెద్దది, మా బాండు మంచిది. నా తల అక్కడితో ఆగిపోయింది. ఆయన రెండు తీసేసి ఇరవై నాలుగు కొట్టారు. ముప్పై ఒక్క వేల మూడు రూపాయలు.

గడి మీద 'ఏడాదికి' అని రాయకపోవడం తన తప్పేనని ఆయన మూడుసార్లు అన్నారు. యాదగిరి ముప్పై వేలకు అడిగి పోయాడని చెబితే కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. "న్యాయమైన ధరేనమ్మా అది. ఇప్పుడే వెళ్ళు."

స్వరూపను చంకనేసుకుని ఆటోలో పాశమైలారం పోయాను. ఫ్యాక్టరీ గేటు ముందు గుంపుగా జనం. యాదగిరి చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బొంబాయి వాళ్ళు ఈ ఏడాది వడ్డీ కట్టలేదట. సోమవారమే గడువు దాటిందట. ఎప్పుడు కడతారో చెప్పలేమని గేటుకు కాగితం అంటించారు.

"అన్నా, ముప్పైకి ఇస్త" అన్నాను.

"సేటు బంద్ జేసిండు చెల్లె."

"ఇరవై ఎనిమిదికి ఇస్త."

"ఎంతకిచ్చినా కొనెటోడు లేడు. నేను కొనిపెట్టుకున్నయే పదకొండు ఉన్నయి, ఎవనికియ్యాలె?"

"ఇరవై. పదిహేనన్న ఇయ్యి అన్నా."

యాదగిరి స్వరూప వైపు చూసి తల దించుకున్నాడు. "ఊకో చెల్లె. నువ్వు గట్ల దించుకుంట పోతుంటె నాకెట్లనో అయితున్నది."

సాయంత్రం మా ఆయన రాగానే అంతా చెప్పాను. ఎప్పుడొచ్చాడు, ఎంతన్నాడు అని రెండే ప్రశ్నలు అడిగాడు. ముఖం కడుక్కుంటూ మధ్యలో ఆగిపోయాడు. ఆ చేతులు నా మీదికి లేచినా బాగుండేది.

"నన్నొక్క మాట అడగకపోతివి" అన్నాడు. తుండుతో ముఖం తుడుచుకుంటూ తనే అన్నాడు, "అడిగినా ఏం ఫాయిదా. నువ్వేదంటె నేనదే అందును. సదివినదానివి నువ్వే గద."

మర్నాడు ఆయన పనికి పోలేదు. స్వరూపను గడప మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని చెవికి నోరు ఆనించి "నీళ్ళు" అని అరవడం మొదలుపెట్టాడు. చెంబు చూపించి, నీళ్ళు. మళ్ళీ నీళ్ళు. వాడకట్టంతా తలుపుల్లోకి వచ్చి నిలబడింది. ఊపిరి తగిలి చక్కిలిగింత పుట్టి పిల్ల మెడ ముడుచుకుని నవ్వింది. వినపడిందేమోనని ఆయన నా వైపు చూసి, ఇంకా గట్టిగా అరిచాడు. గొంతు చీరుకుపోయేదాకా అరిచాడు.

అరిస్తే లాభం లేదని, పరీక్ష చేసిన రోజే డాక్టరమ్మ నాకు చెప్పింది. అది ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.