లాంచీ పాటలో పై స్వరం

నేను ఒక అకార్డియన్‌ను. ఆ రోజు పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరపివ్వనూ లేదు. తడిసిన బొంతలా గోదావరి మీద వేలాడుతోంది. అలాంటి తడిగాలి అంటే నాకు దడ. చెమ్మకు నా మెట్లు నొక్కినచోటే ఇరుక్కుంటాయి. తిత్తి మడతలకు నన్ను వాయించే దైవసహాయం అతికిన రెక్సిన్ ముక్కలు లేచొస్తాయి.

పుట్టింది ఎక్కడో చలిదేశంలో. నన్ను ఓడెక్కించిన దొర నాకు గుర్తులేడు, ఆయనకు నేనూ గుర్తుండను. మద్రాసులో పాతసామాన్ల కొట్టునుంచి దైవసహాయం నన్ను భుజాన వేసుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆ భుజమే. అతనూ, అతనితో పాడే మంగతాయారూ కట్టిన లాంచీ పాట ఒకప్పుడు క్యాసెట్టై గోదావరి రెండు గట్ల మీదా మోగింది. ఇప్పుడు రేవులో లాంచీ లేదు, పాట మిగిలింది. జనం దానికోసమే పిలుస్తారు. కొత్త పాట ఎత్తితే టీకి లేస్తారు.

చిక్కంతా చరణంలో ఒక పై స్వరంతో. గొంతు ఒక్కసారిగా లేచి అక్కడ నిలబడాలి. కిందటేడు గొంతుకు ఆపరేషనయ్యాక మంగతాయారుకు అది అందడం లేదు.

ఆ రోజు కాలేజీ పాత విద్యార్థుల సభ. వేదిక వెనక దైవసహాయం అన్నాడు, "శ్రుతి రెండు మెట్లు దించి వాయిస్తాను చెల్లెమ్మా."

"దించితే తెలిసిపోద్దన్నయ్యా. క్యాసెట్టు అరిగేదాకా ఇన్నోళ్లు."

"గొంతు రాకపోతే తెలవదా మరి?"

ఆమె గ్లాసులో వేణ్ణీళ్లు ఒక గుక్క తాగింది. "సరే, దించు. ఇవాళ కూడా రాకపోతే ఇదే ఆఖరు."

వేదికెక్కాం. ముందంతా నెరిసిన తలలు. "లాంచీ పాట!" అని ఎవరో కేకేశారు, ఈలలు లేచాయి. ఆ ఈలలకు దైవసహాయం వేళ్లు నలభై ఏళ్లుగా నడిచిన దారే పట్టాయి. పాత శ్రుతి. నాకు తెలిసింది, కానీ నొక్కిన మెట్టు పలకడమే గాని నేను వద్దనలేను. అతనికి తెలిసేసరికి ఆమె పల్లవి ఎత్తుకుంది. అతని చెమట నా మెట్ల మీద పడింది.

చరణం దగ్గరపడుతోంది. మంగతాయారు ఒక్కసారి అతనివైపు చూసింది. కోపం లేదు. పడవలోకి నీళ్లొస్తున్నాయని తెలిసిన మనిషి చూపు.

ఆ చోటు వచ్చింది. ఆమె చెయ్యెత్తింది, నోరు తెరిచింది. గొంతు రాలేదు. దైవసహాయం నా తిత్తిని బారెడు లాగి ఆ స్వరం నొక్కాడు. రెక్సిన్ ముక్క ఊడింది, గాలి బుస్సుమంది. ఆమె తర్వాతి మాట అందుకునేదాకా ఎలా నిలిచానో నాకే తెలియదు.

చప్పట్లు మోగాయి.

పాట అయ్యాక బట్టతల మనిషి ఒకడు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఆ పైకెళ్లే చోటు ఉంది చూశారూ, అప్పుడెలా పాడారో అలాగే పాడారండి. వెంట్రుకవాసి తేడా లేదు."

మంగతాయారు దణ్ణం పెట్టింది.

ఇద్దరినీ పక్కపక్కన భోజనానికి కూర్చోబెట్టారు. దైవసహాయం నన్ను వాళ్ల మధ్య కుర్చీలో నిలబెట్టాడు, తిత్తిని బిగించే పట్టీ పెట్టడం మరిచాడు. తల ఎత్తకుండా పప్పన్నం కలుపుతున్నాడు. ఆమె తన అప్పడం సగం విరిచి అతని విస్తట్లో వేసింది.

నా తిత్తి తన బరువుకు తనే కుంగింది. ఇరుక్కుపోయిన మెట్టులోంచి ఆ పై స్వరమే సన్నగా పలికింది. ఇద్దరి చేతులూ ఆగాయి. మంగతాయారు ఎడంచేత్తో ఆ మెట్టును మెల్లగా పైకి లేపింది. నేను ఊరుకున్నాను.

వాళ్లు మజ్జిగ పోయించుకుని తిన్నారు.