శుక్రవారం పొద్దున ఎవరికి ఖాళీ?

మంచి పువ్వు దొరికితే ఫోటో తీసుకుని, ఆ పువ్వును కాలితో నలిపేసి వెళ్ళే జాతి ఒకటి ఉంది. వెనకాల వచ్చేవాడికి అది దక్కకూడదు, అంతే. కొరియాలో మా యొంగ్వొల్ కొండల్లో ఈ రోగం పాతదే. మా ఐదుగురికి మాత్రం అంటలేదని అనుకునేదాన్ని.

ఐదుగురిలో నేను పళ్ళ డాక్టర్ని, పేరు పియో మిరాన్. గుమోక్ ఒక బడి వంటశాలలో గంగాళాలతో సూపు కాస్తుంది. బాంగ్‌కి సొంత టాక్సీ ఉంది. నామ్ సహకార బ్యాంకు కౌంటర్లో కూర్చుంటుంది. యొమ్ మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. వారమంతా ఎవరి చాకిరీ వాళ్ళది, ఆదివారం కెమెరాలు తగిలించుకుని కొండెక్కుతాం. ఎక్కాక ఒకరి లెన్సు మీద ఒకరికి ఏడుపు, ఒకరు నిలబడ్డ చోటు మీద ఇంకొకరి కన్ను. పైకి మాత్రం స్నేహమనే చెప్పుకుంటాం.

ఈ వసంతంలో గుమోక్ కొండకూరలు ఏరుకుంటూ, నది మీదికి వంగిన చరియలో ఒక తెల్ల అవ్వపువ్వు మొగ్గను చూసింది. అవ్వ నెరిసిన జుట్టులా ఒళ్ళంతా నూగుండే ఈ అవ్వపువ్వులు ఇక్కడ ఊదారంగువే. తెల్లది ఉందంటే విన్నవాళ్ళే కానీ చూసినవాళ్ళు లేరు. నోరు మూసుకుని తన పని తను చూసుకోవచ్చు కదా! చోటు కూడా చెప్పి అందరికీ మెసేజ్ పెట్టింది, ఆదివారానికి విచ్చుకుంటుంది, కలిసి వెళ్దామని. ఆమెకు ఒకటే కోరిక. ప్రతి ఏడాదీ మా ఎగ్జిబిషన్లో ఆమె ఫోటోను మరుగుదొడ్డి తలుపు పక్కన తగిలిస్తారు. ఈసారి గోడ మధ్యలో ఉండాలి.

ఆదివారం వెళ్ళేసరికి పువ్వు లేదు. వేరుతో సహా పెకలించి, మడమతో రాతికేసి రాసేశారు. ఫోటోలో అడ్డురాకుండా చుట్టూ ఉన్న ఎండుటాకుల్ని ముందే శుభ్రంగా ఏరేశారు. అంటే పిల్లల పని కాదు, మాలాంటివాళ్ళ పనే. గుమోక్ ఆ రాతి ముందు గొంతుక్కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నేరం తేల్చే పని యొమ్ మాస్టారు నెత్తినేసుకున్నాడు. నిన్న రోజంతా వాన, బురదలో కొత్త అడుగుల్లేవు కాబట్టి నిన్న కాదన్నాడు. గురువారం సాయంత్రం గుమోక్ చూసినప్పుడు మొగ్గ భద్రంగా ఉంది. ఇక మిగిలింది శుక్రవారం. ఆ చరియ మీద ఎండ పడేది పొద్దున పూటే.

"శుక్రవారం పొద్దున ఎవరికి ఖాళీ?" అని వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మకి పేషెంట్లు, గుమోక్‌కి పొయ్యి, నామ్‌కి కౌంటరు, తనకి క్లాసు. చిటికెన వేలు మిగిలింది. రెండు రోజులు తోలితే ఒకరోజు సెలవు, అదీ టాక్సీవాళ్ళ పద్ధతి. బాంగ్ సెలవు శుక్రవారం పడింది.

ఇంట్లో పడుకున్నానని బాంగ్ అన్నాడు. నిద్రకి సాక్ష్యమేదని నామ్ అడిగింది. నిరుడు కొత్త లెన్సు కొన్నప్పటి నుంచీ వీడికి కళ్ళు నెత్తికెక్కాయని నేనూ అందుకున్నాను. అలాంటప్పుడు నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. బాంగ్ కెమెరా స్టాండు మడిచి మా కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు.

"నా బండెక్కి వచ్చారుగా. దిగేటప్పుడు నడవండి" అన్నాడు.

నడిచాం. దారంతా అతన్ని తిట్టుకుంటూనే నడిచాం. అందరికంటే ఎక్కువ తిట్టింది మాస్టారే.

బుధవారం మాస్టారు దవడ పట్టుకుని నా క్లినిక్కి వచ్చాడు. కింది దవడపన్ను నరం దాకా పుచ్చింది. మత్తు సూది ఇచ్చి, అది ఎక్కేదాకా ఆగమన్నాను. ఆ కాస్త సేపు ఊరుకోలేకపోయాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"డాక్టరమ్మా, మీకైతే చూపించొచ్చు. మీకు విలువ తెలుసు."

తెల్ల అవ్వపువ్వు. పూర్తిగా విచ్చుకుని, వెనకాల నది పొగమంచుతో ఉంది. శుక్రవారం వాళ్ళ బడి స్థాపన దినమట, సెలవట. నెలాఖరుకి ప్రాంతీయ పోటీకి పంపుతాడట. "ఆ వంటావిడ డొక్కు కెమెరాతో తీస్తే ఏమొస్తుంది చెప్పండి, దండగ" అని నవ్వాడు. అప్పటికే సగం పెదవి మొద్దుబారి ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది.

నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషని ఊళ్ళో ఆయనకి పేరు. రోజూ పదిమంది నోళ్ళలో వేళ్ళు పెట్టేదాన్ని, అలాంటి మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. నోరు తెరవమన్నాను. ఒళ్ళు మండిపోతోంది. కోపం కోపమే, పన్ను పన్నే. నరం తీసి, శుభ్రం చేసి, తాత్కాలికంగా పూడ్చాను.

అప్పుడు చెప్పాను. మిగతా పని ఆదివారం తరవాతే. ఆ ఆదివారం చరియ దగ్గరికి రావాలి, మా నలుగురి ముందూ నోరు విప్పాలి, ఫోటో ఎక్కడెక్కడ ఉందో అన్నీ పట్టుకు రావాలి.

"ఇది బెదిరింపు" అన్నాడు, చొంగ తుడుచుకుంటూ.

"అవును. అన్యాయం కూడా. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, నన్నెందుకు వదిలారో ఊరంతటికీ నేను చెబుతాను."

బాంగ్ నా ఫోను ఎత్తలేదు. టాక్సీ స్టాండుకి వెళ్ళి అతని బండి ఎక్కి, విషయం చెప్పాను. మీటరు వేసి, ఊరు రెండుసార్లు తిప్పుతూ మరీ నన్ను తిట్టాడు. పడ్డాను. ఆదివారం తనూ వస్తానన్నాడు, అయితే నా మొహం చూసి కాదన్నాడు.

మాస్టారు వచ్చాడు. తప్పు చేసినవాడిలా తల దించుకుని ఏం రాలేదు. పువ్వు ఎలాగూ నాలుగు రోజుల్లో వాడిపోయేదే, ఫోటో నిలుస్తుంది, ఇందులో పాపమేముందని మమ్మల్నే నిలదీశాడు. మరి తొక్కడమెందుకని నామ్ అడిగితే, పోటీకి ఒకే పువ్వు రెండు ఫోటోలుగా వెళ్తే విలువ పోతుందన్నాడు. ఎవరైనా ఎత్తుకుపోతారని కంప్యూటర్లో కూడా పెట్టలేదట. కెమెరా కార్డులో ఉంది, ఫోన్లో ఉంది, అంతే. బాంగ్ మీదికి వెళ్ళబోతే గుమోక్ అడ్డం వచ్చింది.

"ఏదీ, చూపించండి మాస్టారూ" అంది.

చేతులు ప్యాంటుకి తుడుచుకుని కెమెరా అందుకుంది. ఆమె భుజం మీదుగా నేనూ చూశాను. చెప్పక తప్పదు, అలాంటి ఫోటో మాలో ఎవరం తీయలేదు, ఇకముందూ తీయలేం. రేకుల మీది నూగులో ఎండ చిక్కుకుంది. గుమోక్ ఆ పువ్వును మొగ్గగానే చూసింది, విచ్చుకోవడం చూడలేదు.

"ఇంత బాగుందా" అంది మెల్లగా.

ఆ మాటతో మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. గోడ మధ్యలోనే పెడదామన్నాడు, తన పేరు కింద చిన్న అక్షరాలతో 'చూపించినది గుమోక్' అని వేయిస్తానన్నాడు. ఇంతకంటే ఏం కావాలన్నట్టు మా అందరి వంకా చూశాడు.

గుమోక్ ఫోను కూడా ఇమ్మంది. ఇచ్చాడు. అందులోది తుడిచేసింది, తుడిచినవి చేరే చోటునుంచి కూడా తుడిచేసింది. ఆయనకి అర్థమయ్యేలోపు కెమెరా మూత తెరిచి, కార్డు లాగి పళ్ళ మధ్య పెట్టుకుంది. గుమోక్ పళ్ళు నాకు తెలుసు, ఒక్క పుచ్చు లేదు. పటుక్కుమంది. రెండు ముక్కలూ తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"అదొక్కటే ఉంది నా దగ్గర" అన్నాడు మాస్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా దగ్గరా ఒక్కటే ఉండేది మాస్టారూ" అంది గుమోక్.