కుడి తలుపులో పద్నాలుగేళ్లు

నేను ఒక చిన్న మోటారుని. అరచేతిలో ఇమిడేంత నల్లటి ప్లాస్టిక్ డబ్బీలో ఉంటాను. కారు కుడి తలుపు లోపల, బండి నడిపేవాళ్లు మోచెయ్యి ఆనించుకునే చోటుకు జానెడు కింద నా కాపురం. మీట నొక్కితే ఒక ఇనప పుల్లను కిందికి లాగుతాను, గడియ పడుతుంది. మళ్లీ నొక్కితే పైకి తోస్తాను, గడియ వస్తుంది. నాకు తెలిసినవి ఈ రెండే పనులు. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదని నన్ను తయారుచేసినవాళ్లు అనుకున్నారు. పద్నాలుగేళ్ల అనుభవం మీద చెబుతున్నాను, ఉన్నదంతా ఆ మధ్యలోనే ఉంది.

ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నన్ను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడించి వింది. టక్, టక్. తల ఊపి పెట్టెలో పడేసింది. నా మాట ఒకరు అంత శ్రద్ధగా వినడం అదే మొదలు, అదే ఆఖరు అని చాలాకాలం అనుకున్నాను.

కారుతో పాటు నెల్లూరు చేరాను. కొన్నాయన పేరు పెంచలరావు, మందుల షాపులో ఫార్మసిస్టు. భార్య కామాక్షి, గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరు. మొదటిరోజు గుడి ముందు బండికి పూజ చేయించారు. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. చుట్టాలందరూ గుప్పెళ్లతో అక్షింతలు చల్లారు. తలుపుకూ అద్దానికీ మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది. పసుపు రాసిన బియ్యపు గింజలు పదో పన్నెండో అందులోంచి జారి నా ఒళ్లో పడ్డాయి. మనుషుల నుంచి నాకు అందిన మొదటి ఆశీర్వాదం అది. ఆ తరువాత ప్రతి దసరాకూ తప్పకుండా అందుతూ వచ్చింది.

పెంచలరావుది అనుమానపు ప్రాణం. మందు చీటీని మూడుసార్లు చదివి గానీ మాత్రలు ఇవ్వడు. కారు దిగి మీట నొక్కుతాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, పిడి లాగి చూస్తాడు. గడియ పడే ఉంటుంది. పడే ఉందని తెలియడం వేరు, నమ్మకం కుదరడం వేరు. అందుకని గడియ తీసి మళ్లీ వేస్తాడు. అలా నాలుగుసార్లు. మొదట్లో ఇది నా మీద అపనమ్మకం అనుకుని బాధపడేవాణ్ణి. తరువాత అర్థమైంది, ఆయన గడియ పెడుతున్నది తనలో ఇంకేదో తలుపుకు. అది ఎక్కడుందో ఆయనకూ తెలియదు. తెలియనిదాని బదులు నన్ను నొక్కేవాడు.

ఏళ్లు గడిచేకొద్దీ నా కదలిక బరువెక్కింది. కిందికి వెళ్లబోయి మధ్యలో ఆగేవాణ్ణి. పైకి రావాలా వద్దా అని ఒక్కోసారి క్షణం పాటు ఆలోచన పడేది. యంత్రానికి ఆలోచన పడితే దాన్ని జబ్బు అంటారు.

మూడేళ్ల కిందట ఒక మే నెల మధ్యాహ్నం ఆ జబ్బు బయటపడింది. కామాక్షి అప్పుడే లైసెన్సు తీసుకుని ఉత్సాహంగా ఉంది. కూరగాయల మార్కెట్ ముందు తనే బండి ఆపింది. పెంచలరావు ఎడమ వైపు నుంచి దిగి సంచులు పట్టుకుని అవతల నిలబడ్డాడు. ఆమె దిగబోయింది. నేను సగంలో ఇరుక్కుపోయాను. గడియ పైకి రాదు, కిందికి పోదు. ఆమె లాగింది, గుద్దింది, చెమటతో తడిసిపోయింది. ఆయన బయటి నుంచి అద్దం మీద కొడుతూ "కామాక్షీ, కంగారు పడబాక! కంగారు పడబాక!" అని అరిచాడు. పది నిమిషాల్లో యాభై మంది చేరారు. ఒకాయన అద్దం పగలగొట్టడానికి ఇటుక తెచ్చాడు.

తాళం చెవి తిప్పితే అద్దం దిగేది. అది ఎవరికీ తోచలేదు. అరగంట తరువాత పూలమ్మే ముసలామె ఒకతె గుంపును తోసుకుని వచ్చి ఎడమ తలుపు పిడి పట్టుకుని లాగింది. అది తెరుచుకుంది.

"ఈ పక్క తీసే ఉండాది గదమ్మా!" అంది.

యాభై మందీ నవ్వారు. ఊపిరాడని ఆ అరగంటను కామాక్షి రెండు రోజుల్లో మరిచిపోయింది. ఆ నవ్వును మరవలేదు. మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. అడిగినవాళ్లకు "ఆ తలుపు మంచిది కాదండీ" అని చెప్పేది. నేను నేరం ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తప్ప నాకు ఇంకో మీట లేదు.

మొన్న జూన్‌లో ఆమెకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. ఇరవై రెండేళ్ల సర్వీసు తరువాత వచ్చింది. వేసింది మాత్రం పెన్నకు అవతల, నక్కలమిట్ట హైస్కూలుకు. అక్కడికి బస్సు రోజుకు రెండుసార్లు, అదీ బడి వేళకు కాదు. పెంచలరావు షాపు తెరిచేదీ బడి మొదలయ్యేదీ ఒకే వేళకు. ఆమే కారు నడుపుకుంటూ పోవాలి, లేదా ప్రమోషన్ వద్దని రాసివ్వాలి. సోమవారం లోపల ఏదో ఒకటి తేలాలి. వద్దని కాగితం రాసి, సంతకం పెట్టి, కారు డ్యాష్‌బోర్డు సొరుగులోనే పెట్టింది. అక్కడెందుకు పెట్టిందో ఆమెను అడిగితే చెప్పలేదు. నేను చెప్పగలను. మనిషి తన ఓటమిని ఎక్కడైతే పోగొట్టుకునే అవకాశం ఉంటుందో అక్కడే దాస్తాడు.

"మోటారు నేనే మారుస్తా. మెకానిక్ అయితే సాయంత్రానికి ఇస్తానని వారం పెట్టుకుంటాడు," అన్నాడు పెంచలరావు.

"మీరా?" అంది కామాక్షి. ఆ ఒక్క మాటలో ఇరవై ఆరేళ్ల కాపురం ఉంది.

ఆదివారం పొద్దున వాకిట్లో చాప పరిచాడు. కొత్త మోటారు డబ్బాలోంచి తీశాడు. అది అచ్చం నాలాగే ఉంది, కాకపోతే దానికి ఇంకా ఏ ఆలోచనా పడలేదు. కామాక్షి పసుపు కుంకుమ తెచ్చి దాని నడి వీపున బొట్టు పెట్టింది. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా, మిక్సీ అయినా చీపురైనా, ఆమె బొట్టు పెట్టకుండా వాడనివ్వదు.

"మంచిపని చేశావు," అన్నాడాయన. "బొట్టు ఉండేది కొత్తది. ఇంక కలిసిపోయే పని లేదు."

ఫోన్‌లో వీడియో పెట్టుకుని మొదలుపెట్టాడు. వీడియోలో మనిషి "ఇప్పుడు ఇది తేలికగా వచ్చేస్తుంది" అన్నప్పుడల్లా ఇక్కడ గంట పట్టింది. ఊడిన మరలు కలిసిపోకుండా మాత్రలు వేసిచ్చే చిన్న కవర్లలో వేసి పైన రాసుకున్నాడు. మొదట తీసినవి 'ఉదయం'. తరువాతవి 'మధ్యాహ్నం'. అడుగున దొరికిన ఒంటరి మరకు 'రాత్రి, భోజనం తరువాత'. తలుపు లోపలి అట్ట ఊడి వచ్చింది. దాని వెనక అంటించిన ప్లాస్టిక్ కాగితం తీశాడు. వెలుగు లోపలికి పడింది. దాంతోపాటు జలజలా గింజలు రాలాయి.

"అయ్యో, అక్షింతలండీ! తొక్కబాకండి!" అని కామాక్షి పళ్లెంతో పరుగెత్తుకొచ్చింది.

పద్నాలుగు దసరాల ఆశీర్వాదం గుప్పెడున్నర తేలింది. సగం నా పుల్ల తిరిగే గాడిలోనే పేరుకుని ఉంది. అప్పటికి గానీ నాకు తెలియలేదు, ఇన్నేళ్లూ నేను పడ్డది జబ్బు కాదు, దీవెనలు. పెంచలరావు వాటిని చూశాడు, చేత్తో ఊడ్చాడు, ఏమీ అనుకోలేదు. కామాక్షి తీసుకెళ్లి తులసి మొదట్లో పోసింది. రోగం కళ్ల ముందు పళ్లెంలో పోతుంటే డాక్టరు మాత్రం నన్ను కోయడానికి స్క్రూడ్రైవర్ వెతుకుతున్నాడు.

నన్ను విప్పి బయటికి తీశాడు. పారేసే వస్తువునైనా సరే కడగనిదే పారేయడు, అది ఆయన తీరు. పాత పళ్లబ్రష్షుతో, కిరసనాయిలుతో తోమి, గుడ్డతో తుడిచి చాప మీద పెట్టాడు. నేను తళతళలాడాను. ఆయన చేతులు కడుక్కుని టీ తాగడానికి లోపలికి వెళ్లాడు. వెళ్తూ భుజం మీది తువ్వాలు విసిరేశాడు. అది కొత్త మోటారు మీద పడింది.

కామాక్షి బయటికి వచ్చింది. నా ఎదుట గొంతుక్కూర్చుంది. చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను.

"పద్నాలుగేళ్లు చేశావు. ఉత్త మొహంతో ఎట్టా పంపించేది," అని నాకూ బొట్టు పెట్టింది.

తరువాత జరిగింది మీరు ఊహించగలరు. టీ తాగి వచ్చినాయనకు చాప మీద ఒకే మోటారు కనబడింది. పాతదాన్ని కామాక్షి పారేసిందనుకున్నాడు. దానికి బొట్టు ఉంది. మూడుసార్లు చూసుకున్నాడు. మూడుసార్లూ బొట్టే చూశాడు. నన్ను తీసుకెళ్లి తిరిగి నా చోటనే బిగించాడు. 'రాత్రి, భోజనం తరువాత' మరతో మొదలై 'ఉదయం' మరతో పని పూర్తయ్యేసరికి సాయంత్రం అయింది. మీట నొక్కాడు.

టక్. టక్. గాడిలో గింజలు లేవు. పుట్టినరోజున పలికినట్టు పలికాను.

"విన్నావా కామాక్షీ? కొత్తదాని శబ్దమే వేరు!" అని కేక పెట్టాడు. నాలుగుసార్లు నొక్కాడు, ఇంకో నాలుగుసార్లు నొక్కాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. వాకిట్లో చాప దులుపుతున్న శబ్దం వినిపించింది. అది ఉన్నట్టుండి ఆగింది.

"ఊ, వినబడతా ఉండాది," అంది కామాక్షి.

సోమవారం పొద్దున ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. పెంచలరావు పళ్లెంతో వచ్చాడు.

"మంచిపనికి పోతా ఉండావు. ఉండు," అంటూ అద్దంలోంచి ఆమె తల మీద, ఆ తరువాత బండి మీద అక్షింతలు చల్లాడు. తలుపు మీద పడ్డవి అద్దం పక్క సందులోంచి జారాయి. ఏడు గింజలు. నేను లెక్కపెట్టుకున్నాను.

ఆమె పెన్న వంతెన దాటాక అంది.

"నువ్వు పాతదానివేనని నాకు తెలుసులే. తువ్వాలు కింద కొత్తది దొరికింది. నిన్నే చెబుదామనుకున్నా. ఆయన మొహం చూస్తే నోరు రాలా."

కారులో ఇంకెవరూ లేరు. ఆమె నాతోనే మాట్లాడుతోందని తెలిసి నాలో కరెంటు లేకుండానే ఏదో కదిలింది.

"రాత్రి ఆ కాగితం ఇచ్చేద్దామనే అనుకున్నా. తీరా చూస్తే, ఈ మూడేళ్లూ నాకు కావాల్సింది తలుపు బాగుపడటం కాదు. అది చెడిపోయి ఉండటమే. దాని మీద అన్నీ వెయ్యొచ్చు గదా. ఆయనేమో మొత్తం ఊడబీకి బాగుచేసి కూర్చున్నాడు. అదీ నిన్ను పెట్టి." ఆమె నవ్వింది. "సరే, పోదాం. నువ్వు పని చేస్తే చెయ్యి, లేకపోతే మానెయ్యి."

నక్కలమిట్ట హైస్కూలు ముందు పిల్లలు వరుసల్లో నిలబడి ఉన్నారు. టీచర్లు దండ పట్టుకుని కుడి తలుపు దగ్గరికి వచ్చారు. కామాక్షి మీట నొక్కింది. జీవితంలో ఎప్పుడూ తోయనంత గట్టిగా పైకి తోశాను. ఏడు గింజలూ ఒక్కసారి గాడిలోకి దొర్లాయి. సగంలో ఆగిపోయాను.

మళ్లీ నొక్కింది. నేను రాలేదు. బయట దండ పట్టుకున్నాయన చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. రెండువందల మంది పిల్లల చూపు ఆ తలుపు మీదే ఉంది. ఆమె ఊపిరి వేగం నాకు తెలుస్తోంది. ఒకటి. రెండు. మూడు.

అప్పుడు ఆమె చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, గేరు పిడి మీదుగా కాళ్లు అవతలికి వేసి, ఎడమ సీట్లోకి జరిగి, హుందాగా ఆ తలుపు తెరుచుకుని దిగింది. దండ పట్టుకున్నాయన బండి చుట్టూ పరుగెత్తాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక్కరూ నవ్వలేదు. పెద్దమ్మగారు దిగే పద్ధతి అదేననుకున్నారు.

ఇప్పుడు అదే పద్ధతి. రెండు వారాల్లో గింజలు అరిగి నేను మామూలుగానే పలుకుతున్నాను, అయినా ఆమె రోజూ ఎడమ వైపు నుంచే దిగుతుంది. కారున్న లెక్కల మాస్టారు కూడా మొన్నటి నుంచి అటే దిగుతున్నాడు. అటెండరు సుబ్బరాయుడు ఒకనాడు ఆమె సంచి కారులో పెడుతూ అడిగాడు.

"మేడమ్, తమరి బల్ల మీద ఆ నల్ల సామి ఏ సామి మేడమ్? రోజూ పువ్వు పెడతా ఉండా గానీ పేరు తెలీదు."

నేను నవ్వలేను గనక ఊరుకున్నాను. అది నా బదులు రావలసిన కొత్త మోటారు. బొట్టుతో సహా తీసుకెళ్లి బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుందట. దాని కింద ఎప్పుడూ ఒకే కాగితం ఉంటుందనీ, అది ఎవరికీ పంపదనీ సుబ్బరాయుడే అన్నాడు.

"పేరెందుకులే. పువ్వు పెట్టు," అంది కామాక్షి.

పోయిన ఆదివారం పెంచలరావు కారు కడిగి, లోపల కూర్చుని, తలుపులు వేసుకుని అద్దాలు తుడిచాడు. దిగబోయాడు. ఎక్కడో మిగిలిన గింజ ఒకటి అడ్డం పడింది. నేను కదలలేదు. ఆయన లాగాడు, గుద్దాడు, అద్దం మీద కొట్టాడు. "కామాక్షీ! గడియ రావటంలే!"

ఆమె మొక్కలకు నీళ్లు పోస్తోంది. తొందరపడలేదు. చెంబు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తెరిచింది.

"ఈ పక్క తీసే ఉండాది గదండీ."

ఆయన దిగి తెల్లమొహం వేశాడు. "కొత్తది గూడా ఇట్నే చేస్తే ఎట్టా? నా చేత్తో బిగించానే!"

"పాపం, అలవాటు పడాల గదా," అని ఆమె నా తలుపు మీద రెండుసార్లు మెల్లగా తట్టింది. ఆ తట్టడానికి గింజ పక్కకు జరిగింది.

పెంచలరావు మీట నొక్కాడు. నాలుగడుగులు వేశాడు. వెనక్కి వచ్చి పిడి లాగి చూశాడు.